చిన్న పింజర కాదు.. పిల్లి కళ్ల పాము

రాత్రివేళ టార్చిలైటు వెలుగులో కంచె మీదనో, పాక చూరులోనో సన్నని పాము కదులుతుంది. ముక్కోణపు తల, గోధుమ రంగు శరీరం, వీపు పొడవునా నల్లని అంచు గల తెల్లని మెలికలు. చూసినవారు ‘చిన్న పింజర’ అని కేక వేస్తారు. క్షణాల్లో కర్రలు లేస్తాయి. ఇలా పొరపాటున ప్రాణం పోగొట్టుకునే పాముల్లో క్యాట్ స్నేక్ ఒకటి. పగలు నిలువు గీతలా సన్నబడి, చీకటిలో విప్పారే కంటిపాపల వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. 1802లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ దీనికి పెట్టిన పేరులోని రెండో భాగమే నేటి బోయిగా ట్రైగొనేటాలోనూ నిలిచింది.

ఇది పగలంతా పొదల్లో, చెట్టు తొర్రల్లో, తాటాకుల సందుల్లో చుట్ట చుట్టుకొని నిద్రిస్తుంది. చీకటి పడ్డాక బల్లులు, తొండల కోసం బయలుదేరుతుంది. చిన్న పక్షులు, ఎలుక పిల్లలు దొరికినా వదలదు. సాధారణంగా మూడు అడుగుల వరకు పెరుగుతుంది. గుడ్లు పెట్టి సంతానాన్ని వృద్ధి చేసుకుంటుంది.

దీనికి విషం లేదనడం సరికాదు. నాగుపాము, పింజరల కోరలు నోటి ముందు భాగంలో ఉంటాయి. దీని కోరలు మాత్రం పై దవడ చివరన, లోపలికి ఉంటాయి. అందుకే కాటు వేసి వదిలేయదు. తొండను గట్టిగా పట్టుకొని నములుతుంది, అప్పుడే విషం గాయంలోకి దిగుతుంది. ఆ విషం తొండకు చాలు, మనిషికి చాలదు. మహా అయితే కాస్త నొప్పి, వాపు కనిపిస్తాయి.

తేడా ఇలా..

చిన్న పింజర పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. తోక కురచ. పొలుసులు గరుకు. బెదిరిస్తే మెలికలు తిరిగి ఒళ్లు ఒరుసుకుంటూ రంపం గీసినట్లు శబ్దం చేస్తుంది. తలపై బాణం గుర్తు ఉంటుంది. పిల్లి కళ్ల పాము ఒళ్లు నున్నగా, మెడ సన్నగా, తోక పొడవుగా ఉంటాయి. బెదిరిస్తే తల పైకెత్తి, తోక ఆడిస్తూ, నోరు తెరిచి మీదికి వస్తుంది. ఆ ఆర్భాటమే దాని ప్రాణం మీదికి తెస్తోంది.

కాటు పడితే..

గుర్తులు చదువుకోవడం పగటి మాట. చీకట్లో, కంగారులో అవి ఎవరికీ కనిపించవు. చిన్న పింజర కాటును ‘పిల్లి పామేలే’ అని వదిలేస్తే ప్రాణాపాయమే. పామును వెదికి చంపి తేవాల్సిన పని లేదు, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్లు వైద్యులు భావిస్తారు. మొదటిసారి గడ్డకట్టినా కొన్ని గంటలపాటు ఈ పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషానికే మన దేశంలో విరుగుడు మందు ఉంది. పిల్లి కళ్ల పాము కాటుకు ఆ మందు అవసరం లేదు, అనవసరంగా ఎక్కిస్తే వికటించే ప్రమాదమూ ఉంది.