మీకు తెలుసా? స్టాప్‌వాచ్ పట్టిన వంటిల్లు

నేటి మాడ్యులర్ కిచెన్‌కు మూలరూపం 1926 నాటి ‘ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్’. జర్మనీలోని ఆ నగరంలో కడుతున్న ఇళ్ల కోసం ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ దాన్ని రూపొందించారు. ఏ పనికి ఎన్ని అడుగులు, ఎంత సమయం అన్న లెక్కలు ముందు, అలంకరణ తర్వాతే. రైలు భోజనశాల పెట్టెలోని ఇరుకు వంటగది ఆమెకు నమూనా. సుమారు 1.9 × 3.4 మీటర్లలోనే అన్నీ చేతికందేలా అమర్చారు. పిండికి పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగులు, ఈగలు వాలవన్న నమ్మకంతో అల్మారాలకు నీలి రంగు! దాదాపు 10 వేల ఇళ్లలో ఈ వంటగదులు వెలిశాయి. ఇద్దరు కలిసి వండుకోవాలంటే మాత్రం ఇరుకే. అసలు తమాషా ఏమిటంటే, దీన్ని గీసేనాటికి తనకు వంటే రాదని ఆమే చెప్పుకున్నారు.