“కొంచెం తింటే ఏమవుతుంది?”

వేరుసెనగ పచ్చడి, కోడిగ్రుడ్డు, ఆవుపాలు, రొయ్యల కూర - ఇవన్నీ మంచి పుష్టినిచ్చే ఆహారాలని మనం చదువుకొంటాము. కాని కొద్దిమందికి ఇవే ప్రాణాపాయాన్ని కలిగించగలవు. ఇది పదార్థం చెడిపోవడంవల్ల గాని, మితిమీరి తినడంవల్ల గాని వచ్చే అపాయం కాదు. దీనిని ఆహారపు ఎలర్జీ అంటారు. ‘ఎలర్జీ’ అనే మాటను 1906లో వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించాడు.

ఇటువంటి పిల్లవాడు ఏదైనా వద్దంటే, “కొంచెం తింటే ఏమవుతుంది?” అని ఆప్యాయంగా బలవంతం చేయడం మన ఇండ్లలో పరిపాటి. ఈ ప్రశ్నకు శాస్త్రం చెప్పే సమాధానమేమిటో చూద్దాము.

రక్తరసిలోని రహస్యం

1921లో, అప్పుడు జర్మనీలో ఉన్న బ్రెస్లౌ నగరంలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. హైన్జ్ క్యూస్ట్నర్ అనే వైద్యునికి వండిన చేప పడేది కాదు. ఆయన సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్‌కు చేపవల్ల ఏ బాధా లేదు. ప్రౌస్నిట్జ్ తన మిత్రుని రక్తరసిని కొద్దిగా తన చర్మంలోనికి ఎక్కించుకొన్నాడు. మరునాడు అదే చోట చేపసారాన్ని ఎక్కించుకోగా, అక్కడ దద్దురు లేచింది! ఎలర్జీకి మూలం రక్తరసిలో ఉన్నదని దీనివల్ల తేలింది.

ఆ మూలపదార్థాన్ని గుర్తించడానికి మరి 45 సంవత్సరాలు పట్టింది. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా దానిని కనుగొన్నారు. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అని పేరు పెట్టారు.

ఇది ఒక ప్రతిరక్షకం. సాధారణంగా ప్రతిరక్షకాలు రోగక్రిములను ఎదుర్కొంటాయి. కొందరి శరీరం మాత్రం ఆహారంలోని ఏదో ఒక ప్రోటీనును శత్రువుగా పొరబడి, దానికి తగిన ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ ని తయారుచేసుకొంటుంది. ఈ అణువులు చర్మంలోను, శ్వాసమార్గంలోను, ప్రేగులలోను ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ ప్రోటీను మరల ఎదురైనప్పుడు మాస్ట్ కణాలు హిస్టమీన్ మొదలైన రసాయనాలను ఒక్కసారిగా వెలువరిస్తాయి. అప్పుడు రక్తనాళాలు వ్యాకోచించి, వాటినుండి ద్రవం ఊరుతుంది. దద్దుర్లు, వాపు కలుగుతాయి. శ్వాసనాళాలు బిగుసుకొని ఆయాసం వస్తుంది. తీవ్రమైతే రక్తపుపోటు పడిపోతుంది. ఈ తీవ్రస్థితికి అనాఫిలాక్సిస్ అని పేరు.

గడ్డివాము తగలబడటానికి పెద్ద కొరివి అక్కరలేదు, ఒక్క నిప్పురవ్వ చాలు. “కొంచెం” అనే మాటకు ఇక్కడ భద్రత లేకపోవడానికి కారణమిదే. ఇంటిలో కొద్దికొద్దిగా తినిపించి అలవాటు చేయబూనడం ప్రమాదకరం.

జాగ్రత్తలు

బాగా ఉడికిస్తే దోషం పోతుందనుకోరాదు. రొయ్యలలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను వేడికి చెక్కుచెదరదు. రొయ్యలు వేచిన నూనెలో వేచిన వంకాయ, వేరుసెనగ పచ్చడిలో ముంచిన గరిటె కూడా అపాయం కలిగించవచ్చును. గుత్తివంకాయ కూరలోని వేరుసెనగపొడి కంటికి కనబడదు. కనుక వండినవారిని అడగవలెను. పొట్లాలలో అమ్మే ఆహారంపై పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగ, సోయా మొదలైనవి ఉన్నట్లు ముద్రించాలని మన దేశంలో 2020 నాటి నిబంధనలు చెపుతున్నవి. ఆ అక్షరాలు చదివే అలవాటు విద్యార్థులు చేసుకోవలెను.

పాలు త్రాగితే కడుపు ఉబ్బరించడం అన్ని సందర్భాలలోను ఎలర్జీ కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర జీర్ణం కాకపోయినా అట్లే జరుగుతుంది; అది ప్రాణాపాయం కాదు. ఏది ఏదో వైద్యుడే నిర్ణయించవలెను. పాలు, గ్రుడ్ల ఎలర్జీ చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. తగ్గినదో లేదో పరీక్షించడం కూడా వైద్యుని సమక్షంలోనే జరగవలెను.

ఆపద వచ్చినప్పుడు

తిన్న కొద్దిసేపటికే నాలుక లేక గొంతు వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా జాగు చేయరాదు. దీనికి మొదటి మందు ఎడ్రినలిన్. దీనిని తొడ వెలుపలి భాగాన, మధ్యలో, కండరంలోనికి ఎక్కిస్తారు. ఇది రక్తనాళాలను బిగించి, శ్వాసనాళాలను సడలిస్తుంది. దద్దుర్లకు వాడే మాత్రలు దీనికి బదులు కావు. వైద్యుడు ముందే ఎడ్రినలిన్ ఇచ్చి, వాడే విధానం నేర్పి ఉంటే వెంటనే వాడవలెను. తరువాత 108కి ఫోన్ చేయవలెను. మందు దగ్గర లేకపోతే ముందుగా ఫోన్ చేసి, రోగిని త్వరగా ఆసుపత్రికి చేర్చవలెను. అంతవరకు వెల్లకిల పరుండబెట్టి, కాళ్ళు ఎత్తుగా ఉంచవలెను. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టవచ్చును, నడిపించరాదు. నెమ్మదించిన కొన్ని గంటలకు లక్షణాలు తిరిగి రావచ్చును గనుక ఆసుపత్రిలో కొంతసేపు ఉండక తప్పదు.

పాఠశాలలో పిల్లలు తినుబండారాలు పంచుకొనడం సహజం. ఏ విద్యార్థికి ఏది పడదో ఉపాధ్యాయులకు, మధ్యాహ్న భోజనం వండేవారికి, ప్రక్కన కూర్చొనే మిత్రునికి ముందుగా తెలిసి ఉండవలెను. ఒక విద్యార్థి “నాకిది పడదు” అన్నప్పుడు, ఆ మాటను మారాముగా గాక, అతని శరీరాన్ని గురించిన సమాచారంగా స్వీకరించవలెను.