పసుపెక్కిన నారు: మందు డబ్బా కొనే ముందు వేరు చూడండి

ఆగస్టు నెలలో పల్నాడులో గానీ, ఖమ్మం జిల్లాలో గానీ ఏ మిరప ఊరికి పోయినా ఒక మాట వినపడుతుంది: "నారు ఎదగడం లేదయ్యా." విత్తి నెల దాటింది. జానెడు పెరగాల్సిన మొక్క బెత్తెడు దగ్గరే గిడసబారి నిలిచిపోయింది. ఆకు పాలిపోయి పసుపెక్కింది. సొంత నేల, చేతిలో నాలుగు డబ్బులు ఉన్నవాడు మళ్లీ విత్తుకుంటాడు. కౌలుదారుకు ఆ వెసులుబాటు ఎక్కడిది? కౌలు ముందే కట్టాడు. విత్తనం అప్పు మీద తెచ్చాడు. అదను తప్పితే ఆ ఏడు తప్పినట్టే. నాటు పడకపోతే అతనొక్కడికే కాదు, నాట్ల మీద ఆధారపడిన ఆడకూలీలకూ పని దినాలు పోతాయి.

అటువంటి రైతు మొదట పోయేది మందుల దుకాణానికే. నాలుగు ఆకులు తుంచుకుపోయి చూపిస్తాడు. దుకాణదారు వేరు అడగడు, మట్టి అడగడు. ఒక బలం మందు, ఒక తెగులు మందు, ఒక పురుగు మందు కలిపి చేతిలో పెడతాడు. పద్దులో రాసుకుంటాడు. మూడింటిలో ఏదో ఒకటి తగలకపోతుందా అన్నది లెక్క. తగలకపోతే నష్టం ఎవరిది? పద్దులో బాకీ మాత్రం ఉండనే ఉంటుంది.

వాస్తవానికి పసుపెక్కడం ఒక రోగం కాదు. మనిషికి జ్వరం వంటిది. జ్వరం దేనివల్ల వచ్చిందో చూడకుండా సూది వేయించుకుంటే ఏమవుతుందో, కారణం తెలియకుండా మందు కొడితే నారుకూ అదే అవుతుంది.

పాత మట్టి, పచ్చి ఎరువు

ఎకరం మిరపకు కావలసిన నారు ఒక సెంటు మడిలో వస్తుంది. బోరు దగ్గర ఉన్న ఆ సెంటు చోటులోనే ఏటేటా నారు పోస్తారు. నీడవలల కింద ట్రేలలో నారు పెంచేచోట కూడా ఖర్చు తగ్గించుకోవడానికి నిరుటి మట్టినే మళ్లీ నింపేవాళ్లున్నారు. పాత మట్టిని తిరిగి వాడటం తప్పు కాదు. దాని బలం తిరిగి నింపకుండా, దానిలోని చీడ చంపకుండా వాడటమే తప్పు.

ఊళ్లలో పశువులు తగ్గాయి. మాగిన పెంట దొరకడం కష్టమైంది. దాంతో సగం కుళ్లిన పెంట, ఊక, రంపపు పొట్టు, కోళ్ల ఎరువు, ఏది దొరికితే అది మడిలో కలుపుతున్నారు. "సేంద్రియమే గదా, ఎంత వేసినా మంచిదే" అనుకుంటారు. అది పొరపాటు. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60 నుంచి 80 పాళ్ల కర్బనం ఉంటుంది. రంపపు పొట్టులో ఇంకా అనేక రెట్లు ఎక్కువ. దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కూడా నత్రజని కావాలి. ఎరువులో చాలకపోతే మట్టిలో ఉన్నదాన్ని లాక్కుంటాయి. మొక్క నోటి దగ్గర కూడు అవి తినేస్తాయన్నమాట. ఎరువు వేసిన మడిలోనే నారు ఆకలితో మాడుతుంది.

ఆకు ఏం చెబుతుంది?

కింది ముదురాకులు ముందు పసుపెక్కి, పైన లేతాకులు పచ్చగా ఉంటే నత్రజని లోపం. మొక్క ముదురాకులోని నత్రజనిని తీసి లేతాకుకు పంపుకుంటుంది.

లేతాకులు ముందు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. సున్నపు నేలల్లో ఇది ఎక్కువ. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఇక్కడ యూరియా వేస్తే ఏమీ ఒరగదు.

ఆకు కొనలు మాడి, మట్టి మీద తెల్లటి పొర తేలితే ఉప్పు ఎక్కువైనట్టు. మోతాదు మించిన కోళ్ల ఎరువు, ఉప్పు బోరు నీరు, కడగని కొబ్బరి పొట్టు దీనికి కారణాలు.

వేరు ఏం చెబుతుంది?

ఆకు చూసి ఊరుకోరాదు. చివరి మాట వేరుదే. నాలుగు మొక్కలను మట్టితో సహా తవ్వి తీసి, నీళ్లలో మెల్లగా కడిగి చూడాలి. తెల్లగా, గుబురుగా సన్నని వేళ్లుంటే వేరు బాగున్నట్టు. గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, కంపు కొడితే నీరు నిలిచి కుళ్లినట్టు. పూసలు గుచ్చినట్టు బుడిపెలు కనిపిస్తే నులిపురుగు పట్టినట్టు. ఏటేటా అదే మట్టి వాడే మడిలో నులిపురుగు పెరిగిపోతుంది. ఆ నారు నాటితే చేనంతా పాకుతుంది.

నారు పీకే ఆడకూలీలకు ఈ సంగతి బాగా తెలుసు. "అన్నా, వేర్లకు గడ్డలున్నయ్, ఈ నారు పనికిరాదు" అని ముందుగా చెప్పేది వాళ్లే. కానీ కూలిమనిషి మాటకు విలువ ఇచ్చేదెవరు? దుకాణంలో అద్దాల బీరువా వెనక కూర్చున్న మనిషి మాటకున్న గౌరవం, ఇరవై ఏళ్లుగా నారు పీకిన చేతికి లేదు. ఈ అలవాటు పోవాలి.

ఏం చేయాలి?

నత్రజని లోపమైతే లీటరు నీటికి 5 గ్రాములు మించకుండా యూరియా కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఇనుము లోపమైతే లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంగా రెండు మూడుసార్లు చల్లాలి. ఉప్పు ఎక్కువైతే ఎరువులు ఆపి, మంచి నీరు పెట్టి ఉప్పును కిందికి దింపాలి. నీరు పోయే దారి ఉండాలి. వేరు కుళ్లుతుంటే ముందు తడులు తగ్గించాలి. ఉప్పు మడికీ, కుళ్లిన వేరుకూ యూరియా వేస్తే ఉన్న మొక్క కూడా పోతుంది. బుడిపెలు పట్టిన నారును మాత్రం నాటకండి. మనసు ఒప్పకపోయినా పీకి తగలబెట్టండి.

అసలు వైద్యం వచ్చే వేసవిలో చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో మడిని దున్ని, తడిపి, తెల్లటి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా పరచి, అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు ఎండకు వదలాలి. మట్టిలోని చీడ చాలావరకు ఆ వేడికి చస్తుంది. విత్తే ముందు మాగిన ఎరువు, వేపపిండి కలపాలి. మాగిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు. తొలకరి మట్టి వాసన రావాలి. అది గడ్డి, ఇది పొట్టు అని గుర్తుపట్టేలా ఉండకూడదు. మడిని జానెడు ఎత్తు లేపి, చుట్టూ నీరు పోయే కాలువ తీయాలి.

ఇది ఒక్కడి పని కాదు

2015లో కేంద్రం భూసార కార్డుల పథకం పెట్టింది. 12 అంశాలు పరీక్షించి కార్డు మీద రాస్తామన్నారు. ఆ కార్డు భూయజమాని బీరువాలో ఉంటే కౌలుదారుకు ఏం ఉపయోగం? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారుల చట్టం కూడా కౌలుదారు కార్డుకు యజమాని సంతకంతో ముడిపెట్టింది. మట్టిలో చెయ్యి పెట్టేవాడికి ఆ మట్టి సంగతి తెలుసుకునే హక్కు లేకపోవడం ఏం న్యాయం?

విత్తనం కొన్నా, నారు కొన్నా బిల్లు తీసుకోండి. నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడే, నష్టపరిహారం అడగవచ్చునని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో పోరాడినవాళ్లు మన ఆంధ్రప్రదేశ్ రైతులే. విత్తనం నమూనా దాచిపెట్టలేదేమని రైతును తప్పుపట్టడం కుదరదని కూడా కోర్టు అన్నది. బిల్లు లేకపోతే మాత్రం ఎంత న్యాయమున్నా నిరూపించుకోవడం కష్టం.

రైతు సంఘాలు, కూలి సంఘాలు కలిసి వేసవిలోనే ఊరి ఉమ్మడి నారుమడి వేస్తే ఖర్చు తగ్గుతుంది. పట్టా ఒకటే చాలు, మట్టి పరీక్ష ఒకటే చాలు. నారు పీకే చేతులనే పరీక్షకులుగా పెట్టుకోండి. వచ్చే ఆగస్టులో నారు పసుపెక్కితే దుకాణం మెట్లు ఎక్కేముందు మడి గట్టున కూర్చుని నాలుగు మొక్కలు తవ్వి చూడండి. దానికి అప్పు చేయనక్కరలేదు.