సొంత నోడ్, సొంత గుట్టు



మన రాయకోటలో టమాటా మండీకి సరుకు వేసిన రైతు, చేతికొచ్చిన చీటీ ఒక్కటే నమ్ముకుని ఊరుకోడు. ఎన్ని పెట్టెలు దింపాడో, ఏ ధరకు పోయాయో తన నోటుపుస్తకంలోనూ రాసుకుంటాడు. లెక్కలో తేడా వస్తే నిలదీసి అడిగే ధైర్యం ఆ పుస్తకమే ఇస్తుంది. బిట్‌కాయిన్ నోడ్ కూడా ఇటువంటి సొంత లెక్కపుస్తకమే. హోసూరు, బెంగుళూరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లల్లో కొందరికి ఈ మాట కొత్త కాదు. దాన్ని ఇంట్లో నడిపేటప్పుడు మన ఆచూకీ బయటపడకుండా చూసుకోవడం ఎలా, అందుకు వీపీఎన్ ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

బిట్‌కాయిన్ 2009 జనవరి 3న మొదలైంది. దీనికి రిజర్వు బ్యాంకు వంటి పెద్దదిక్కు లేదు. జమాఖర్చుల చిట్టా ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో నకళ్లుగా ఉంటుంది. సుమారు 10 నిమిషాలకొకసారి అందులో కొత్త పుట చేరుతుంది. దాన్నే బ్లాక్ అంటారు. ప్రతి నోడ్ ఆ పుటను తానే సరిచూసుకుంటుంది. నిబంధన తప్పితే తోసిపుచ్చుతుంది. నోడ్ నడిపితే డబ్బు రాదు. డబ్బు వచ్చే మైనింగ్ వేరు, ఇది వేరు.

మరి లాభం లేని పని ఎందుకు అంటారా? ఫోనులోని వాలెట్ మామూలుగా ఎవరో నడిపే సర్వరును అడిగి మీ నిల్వ చూపిస్తుంది. మీ లెక్క ఎంత, ఎక్కడి నుంచి అడుగుతున్నారు అన్నది ఆ సర్వరువారు గమనించే వీలుంది. అదే వాలెట్‌ను సొంత నోడ్‌కు కలిపితే ఆ ప్రశ్న గడప దాటదు.

అయితే నోడ్ ఒంటరిగా ఉండలేదు. కొత్త పుటల కోసం ఇతర నోడ్‌లతో నిత్యం మాట్లాడుతూనే ఉండాలి. అలా మాట్లాడినప్పుడు అవతలివారికి మీ ఐపీ చిరునామా కనిపిస్తుంది. అది ఇంటి తలుపు నంబరు కాదు గానీ, ఏ కంపెనీ కనెక్షను, సుమారుగా ఏ ప్రాంతం అన్నది చెబుతుంది. ఇంట్లో బంగారం ఉందని ఎవరూ వీధిలో చాటుకోరు కదా! బిట్‌కాయిన్ విషయంలో ఆ జాగ్రత్త ఇంకా అవసరం. పోయిన సొమ్ము వెనక్కి తెప్పించే బ్యాంకు మేనేజరు ఇక్కడ లేడు.

వీపీఎన్ పని ఇలా ఉంటుంది. మీ ఉత్తరాన్ని ఇంకో కవరులో పెట్టి హోసూరులోని ఒక మనిషికి పంపారనుకోండి. ఆయన పై కవరు తీసేసి, తన చిరునామాతో లోపలి ఉత్తరం పోస్టు చేస్తాడు. అందుకున్నవారికి హోసూరే కనిపిస్తుంది, రాయకోట కనిపించదు. మీ పోస్టుమాను కూడా హోసూరుకు కవరు వెళ్లిందనే తప్ప మరేమీ ఎరుగడు. కానీ ఆ హోసూరు మనిషికి మాత్రం రెండు చిరునామాలూ తెలుసు. అంటే వీపీఎన్ మన గుట్టును మాయం చేయదు, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుస్తుంది. ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవలసింది అందుకే.

మన దేశంలో 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల పేరు, చిరునామా, ఫోను నంబరు వంటి వివరాలు 5 ఏళ్లు దాచి ఉంచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ వంటివి ఇక్కడి సర్వర్లను తీసేశాయి. ఉచితంగా ఇస్తామనేవారి దగ్గర మరింత జాగ్రత్త అవసరం.

ఇక ఆచరణలో మూడు మాటలు. ఒకటి, కరెంటు పోయి వచ్చినప్పుడు వీపీఎన్ తెగిపోయి, నోడ్ మాత్రం అసలు చిరునామాతో మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. వీపీఎన్ తెగితే ఇంటర్నెట్టే ఆగిపోయేలా చేసే కిల్ స్విచ్ తప్పక వేసుకోండి, యూపీఎస్ కూడా ఉంచుకోండి. రెండు, పూర్తి చిట్టా 600 జీబీ దాటింది కాబట్టి డిస్కు 1 టీబీకి తగ్గకూడదు. స్థలం లేకపోతే, సరిచూసిన పాత పుటలను తీసేసే ప్రూనింగ్ పద్ధతి ఉంది. మూడు, ఒక్క కంపెనీని నమ్మడం ఇష్టం లేకపోతే టార్ ఉంది. అందులో ఉత్తరం ముగ్గురి చేతులు మారుతుంది. మొదలూ చివరా ఏ ఒక్కరికీ తెలియవు. వేగం మాత్రం తక్కువ.

గుట్టు వేరు, దాపరికం వేరు. బెంగుళూరులో స్థిరపడిన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ హక్కు పన్ను ఎగవేతకు గొడుగు కాదు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. వీపీఎన్ వాడినా ఆ బాధ్యత తప్పదు.

మండీ రైతు తన నోటుపుస్తకాన్ని ఊరంతా తిప్పి చూపడు. అలాగని లెక్క అడిగే హక్కు ఉన్నవారి దగ్గర దాచడు. సొంత నోడ్ పెట్టుకునేవారికి కూడా ఈ రెండూ తెలిసి ఉండాలి.