బావమరిది చేతిలో తాడు

నల్లమలలో చెంచు కొండతేనెకు లోయలోకి దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్కచెల్లెలి బతుకు తన చేతిలో ఉందని తెలిసినవాడు తాడు వదలడు గదా! ఆ తాడుకు వేలాడుతూ, పొగ పెట్టి, పట్టు కోస్తాడు. పిల్లలున్న భాగం వదిలి తేనె భాగమే కోస్తే ఈగలు మళ్ళీ కట్టుకుంటాయి. ఇది ఏ కాలేజీలోనూ నేర్చిన చదువు కాదు.

ఈ పెద్ద ఈగల్ని పెట్టెల్లో పెంచలేం. బండచరియ కిందో, చెట్టుకొమ్మకో ఆరుబయట ఒక్కటే పట్టు కడతాయి. పూత, నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి తరలిపోతాయి, మన వలస కూలీల మాదిరే. ఎండ ముదిరితే నీటిచుక్కలు మోసుకొచ్చి పట్టును చల్లబరుస్తాయి. వాగు ముందే ఎండితే ఆ నీళ్ళెక్కడివి? మోదుగ, ఇప్ప పూత అదను తప్పితే ఈగ వచ్చీ ప్రయోజనం లేదు. కార్చిచ్చు సంగతి సరేసరి.

2024 ప్రపంచంలో లెక్కలు రాయడం మొదలైనప్పటినుంచీ అన్నిటికన్నా వేడి సంవత్సరం. ఆ వేడి పుట్టించింది బొగ్గూ చమురూ కాల్చి లాభాలు గడించినవాళ్ళు. నష్టం మాత్రం తాడుకు వేలాడేవాడిది.

అడవి గొడవ మనకెందుకంటారా? పొద్దుతిరుగుడు చేలో ఈగలు తగ్గితే, పొద్దున్నే పువ్వు పువ్వునూ గుడ్డతో రుద్దమంటారు వ్యవసాయాధికారులు. ఈగ ఉచితంగా చేసిన పని కూలి ఆడవాళ్ళ చేతుల మీద పడుతుంది. ఆ పనికి కూలి ఎవరు కట్టిస్తారు? నిండు పూత మీద మందు కొట్టించే ఆసాములూ ఈ లెక్క చూసుకోవాలి.

2006 అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని పేరుపెట్టి చెప్పి, వాటిమీద హక్కు అడవిబిడ్డలదేనంది. కొనడానికి 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఉండనే ఉంది. కానీ కొనేది తూకం మీద. తేనె లేని ఏడు తూచేదేముంది? పైరు ఎండితే కరువంటారు, పట్టు ఎండితే ఏమంటారు?

మా అభిప్రాయంలో అలాంటి ఏడు చెంచు పెంటలకు నష్టపరిహారం ఇవ్వాలి, అడవిలోనే కూలి పని చూపాలి. వాగులకు అడ్డుకట్టలు, నీటికుంటలు, మంట పాకకుండా గడ్డి చెక్కిన బాటలు, ఇవన్నీ చెంచులకు చేతనైన పనులే. ఎక్కడ ఏది కావాలో వాళ్ళే చెబుతారు. వేసవి రాకముందే వ్యవసాయ కార్మిక సంఘాలు పెంటలకు వెళ్ళి, ఆ పనుల జాబితా గ్రామసభలో తీర్మానం చేయించాలి.