పెరుగులోని మేలు సూక్ష్మజీవులు

గోరువెచ్చని పాలలో రాత్రి తోడు వేసిన తెల్లవారునప్పటికి పెరుగు సిద్ధమగుట మన మెరిగినదే. ఈ పని చేయునవి తోడులో నుండు కంటికి కానరాని సూక్ష్మజీవులు. సూక్ష్మజీవు లనగానే రోగములు జ్ఞప్తికి వచ్చును. కాని అన్నియు శత్రువులు కావు. తగిన సంఖ్యలో, సజీవముగా శరీరమున చేరి ఆరోగ్యమునకు మేలు చేయునని రుజువైన వానిని శాస్త్రజ్ఞులు ప్రొబయోటిక్కు లందురు. ప్రతి పెరుగునకు ఆ పేరు చెల్లదు. అయినను ఇంటి పెరుగు వలని మేలు తక్కువ కాదు.

పెరుగు చేయు బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. ఆ పులుపు వలన పాలు గడ్డకట్టును. అనేక రోగక్రిములు సులభముగా పెరుగజాలవు. పాలచక్కెర కొంత తరుగుటచేతను, ఈ జీవులు జీర్ణమునకు తోడ్పడుటచేతను, పాలు అరగని వారిలో పలువురు పెరుగును అరగించుకొనగలరు.

వీనిలో కొన్ని జాతులు చక్కెర అణువులను పూసలవలె గ్రుచ్చి పొడవైన గొలుసులు చేయును. ఇట్టి గొలుసులను పాలిమర్ లందురు. మనము ధరించు నూలు కూడ ప్రకృతి చేసిన పాలిమరే. పెరుగులో నేర్పడు ఈ జిగురు నీటిని పట్టియుంచును. అందుచే పెరుగు చిక్కగా, నునుపుగా నుండి త్వరగా నీరు విడువదు.

ఇడ్లీపిండిని పొంగించు వానిలో ల్యూకోనాస్టాక్ ముఖ్యమైనది. ఈ జాతి పంచదార నుండి డెక్స్‌ట్రాన్ అను జిగురును చేయగలదు. 1940 దశకములో స్వీడన్ శాస్త్రజ్ఞులు డెక్స్‌ట్రాన్‌ను శుద్ధిచేసి, రక్తము మిక్కిలి పోయినవారికి నరము ద్వారా ఎక్కించు ద్రవమును సిద్ధపరచిరి.

అయితే ఈ మేలు పరిశుభ్రత యున్నచోటనే నిలుచును. వేసవిలో పంచాయతీలు చలివేంద్రములందు మజ్జిగ పంచుచున్నవి. పెరుగు ఎంత మంచిదైనను, కలిపిన నీరు కలుషితమైనచో విరేచనములు, కామెర్లు వ్యాపింపవచ్చును. నీటితో పలుచనైన పులుపు వాని నాపునని నమ్మరాదు. కావున సభ్యులు ఈ క్రింది విషయములను స్వయముగా గమనింపవలెనని మనవి చేయుచున్నాము.

1. పాలను మరగకాచి, గోరువెచ్చనైన పిదపనే తోడు వేయవలెను.

2. మజ్జిగలో రక్షిత మంచినీటిని గాని, కాచి చల్లార్చిన నీటిని గాని కలుపవలెను. చేపలను నిలువచేయు ఐసు వాడరాదు.

3. పాత్రపై మూత, పొడవైన కాడగల గరిటె యుండవలెను. త్రాగిన గ్లాసును పాత్రలో ముంచనీయరాదు. పంచువారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

విరేచనములైన బిడ్డకు మజ్జిగ ఒక్కటే చాలదు. ఆశా కార్యకర్త యొద్దనుండి ఓ.ఆర్.ఎస్. పొట్లములు తెచ్చి వెంటనే త్రాగించి, వైద్యునకు చూపవలెను.

చలివేంద్రమును తెరచునాటి ఉత్సాహము వేసవి ముగియువరకు ఈ శుభ్రతయందును నిలిచినచో, గ్రామమునకు నిజమైన సేవ చేసినవార మగుదుము.