కంటి ప్రెషర్ మెషిన్ కరెక్ట్‌గా చూపిస్తోందా?

కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి అయినా, కడపలో చిన్న క్లినిక్ అయినా, గ్లాకోమా అనుమానం వస్తే ముందు కంటి ప్రెషర్ చూస్తారు. ఉర్దూలో కాలా మోతియా, తెలుగులో నీటికాసులు అనే ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు.

మామూలుగా కంటి ప్రెషర్ 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. దాన్ని కొలిచే గోల్డ్‌మన్ టోనోమీటర్‌కు ఒక లోహపు కడ్డీ తోడుగా వస్తుంది. ఆ కడ్డీ తగిలించి 0, 20, 60 దగ్గర మెషిన్‌ను చెక్ చేస్తారు. కంపెనీ లెక్క ప్రకారం అర మిల్లీమీటర్‌కు మించి తేడా ఉండకూడదు.

మెషిన్ 4 తక్కువ చూపిస్తే, 24 ఉన్న మనిషికి 20 అని వస్తుంది. నార్మలే అనుకుని ఇంటికెళ్లిపోతాడు. ఎక్కువ చూపిస్తే అక్కర్లేని చుక్కల మందు మొదలవుతుంది.

అందుకే "సార్, ఈ మెషిన్ ఎప్పుడు చెక్ చేశారు?" అని అడగడంలో తప్పేమీ లేదు.